తీరం మీది పాత కోటకు బడి పిల్లలు: గంటన్నర నడకా, రోజంతా పరిశీలనా, రాత్రి బసా?

సముద్రపు ఒడ్డున పాత కోటో, లైట్‌హౌసో, ఒకప్పటి రేవో ఉంటే చాలు, దాని చుట్టూ బడి పిల్లల కోసం నాలుగైదు రకాల కార్యక్రమాలు పుట్టుకొస్తాయి. బ్రోచర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. బురుజు మీద నిలబడి నవ్వే పిల్లలు, కింద నీలం నీళ్లు, ఎక్కడో ఒకచోట 'ప్రత్యక్ష అనుభవం' అనే మాట. వాటిని పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా ఏది తీసుకోవాలో తేలదు. తేల్చే ప్రశ్నలు వేరే రెండున్నాయి. ఆ రోజు సముద్రం ఎన్ని గంటలకు వెనక్కి తగ్గుతుంది? పిల్లల మీద కన్నేసి ఉంచగల పెద్దవాళ్లు మీ వెంట ఎంతమంది వస్తారు? ఈ రెండింటికీ జవాబు చేతిలో ఉంటే, పేరు గొప్ప కార్యక్రమాలు కొన్ని మీకు పనికిరావని వెంటనే తెలిసిపోతుంది.

దొరికేవి స్థూలంగా నాలుగు రకాలు. గైడ్ వెంట గంటన్నర నుంచి రెండున్నర గంటల నడక. కోట గోడల్నీ ఒడ్డునీ పిల్లల చేత కొలిపించే రోజంతటి పరిశీలన. పాతకాలపు వేషం, పని, వంటతో సహా ఒక రాత్రి అక్కడే గడిపే బస. చివరిది, ఎవరి సాయమూ లేకుండా టీచర్లే నడుపుకునేది.

గైడ్ వెంట నడక

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకీ, బస్సులోనే రానూపోనూ ఐదారు గంటలు పోయేవాళ్లకీ ఇదే సరైనది. అంతకన్నా పెద్దదానికి వెళ్తే అలసటే మిగులుతుంది. అయితే ఈ నడక చెడిపోయేది ఎక్కువగా చరిత్ర చెప్పడం రాక కాదు, గాలి వల్ల. ఒడ్డున గాలి మాటను ఎగరేసుకుపోతుంది. ఒక గైడ్‌కి నలభై మందిని అప్పగిస్తే ముందు వరసకు మాత్రమే వినపడుతుంది, వెనకవాళ్లు గులకరాళ్లు విసరడం మొదలుపెడతారు. గైడ్‌కి పదిహేను మందికి మించకూడదు. గైడ్ వీపు గాలి వచ్చే వైపుకు ఉండాలి, అప్పుడు మాట పిల్లల మీదికి వస్తుంది. ఎండ గైడ్ ముఖాన పడాలి, పిల్లల కళ్లలో కాదు. అనుభవమున్నవాళ్లు ఇది చెప్పకుండానే చేస్తారు. ముందుగా ఒకసారి వెళ్లి వేరే బడి పిల్లల నడకను దూరం నుంచి పది నిమిషాలు చూస్తే ఎవరి పని ఎలాంటిదో తెలుస్తుంది.

నడకలో కనీసం రెండు చోట్లయినా పిల్లలు ఏదో ఒకటి చెయ్యాలి. మంచి ఉదాహరణ దిగంతం లెక్క, అంటే సముద్రమూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత ఎంత దూరంలో ఉందో తేల్చే లెక్క. కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ పిల్ల కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే 4.4 కిలోమీటర్లు. నీటిమట్టానికి 25 మీటర్ల ఎత్తున బురుజు మీద ఉంటే దాదాపు 18. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఓడ దిగంతం దాటాక ఒడ్డు చేరడానికి, కింద ఉన్నవాడికి 26 నిమిషాల వ్యవధి ఉంటుంది, పైన ఉన్నవాడికి గంటా నలభై ఏడు నిమిషాలు. తెరచాపల ఎత్తు కలుపుకుంటే ఓడ ఇంకా ముందే కనిపిస్తుంది. ఆ బురుజును అంత కష్టపడి అంత ఎత్తున ఎందుకు కట్టారో ఇక ఎవరూ వివరించక్కర్లేదు. ఇలాంటి పని ఒక్కటీ లేకుండా తేదీలూ రాజుల పేర్లూ మాత్రమే వినిపించే నడకైతే తీసుకోకండి. అది తరగతి గదిలోనూ చెప్పుకోవచ్చు, అక్కడ గాలి కూడా ఉండదు.

బ్రోచర్లో ఎవరూ రాయని లెక్క ఇంకొకటి ఉంది, మరుగుదొడ్లది. 60 మంది పిల్లలు, 3 దొడ్లు, మనిషికి 2 నిమిషాలు అంటే 40 నిమిషాలు. దిగగానే ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి అనుకుంటే గంటా ఇరవై నిమిషాలు. రెండు గంటల కార్యక్రమంలో ఇది చిన్న విషయం కాదు. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టు లోపల ఉండగా రెండో జట్టు నడక మొదలుపెట్టేలా చూడండి.

రోజంతటి పరిశీలన

పదేళ్లు దాటిన పిల్లలకు మేము ఎక్కువగా చెప్పేది దీన్నే. తీరంలో మిగతా చోట్ల దొరకనిది ఒకటుంది: మనిషి కట్టినదాన్ని సముద్రం ఏం చేస్తోందో, సముద్రం విడిచిన నేల మీద ఏ ప్రాణి ఎక్కడ బతుకుతోందో ఒకే రోజున కొలవవచ్చు. కాకపోతే తేదీ ఎంపికలో పొరపాటు జరిగితే ఇదంతా వట్టి పిక్నిక్ అవుతుంది.

నీరు పైకి రావడం పోటు, వెనక్కి తగ్గడం ఆటు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అందువల్ల ఆటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా దిగువకు పోతుంది. అష్టమి దాటాక వచ్చే రోజుల్లో ఎక్కువగా తగ్గదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియక దెబ్బతినేది దీని దగ్గర: అలా రోజుకు రెండు ఆట్లు వచ్చే తీరంలో, పౌర్ణమి, అమావాస్యల నాటి పెద్ద ఆటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే గడియారం వేళకు పడుతుంది. మీ తీరంలో అది ఉదయం ఆరుకూ సాయంత్రం ఆరుకూ అయితే, పొద్దున తొమ్మిదికి బస్సు దిగే బడికి ఏ నెలలో వెళ్లినా పెద్ద ఆటు దొరకదు. అలాంటి చోట ఒక రోజు కార్యక్రమం కొనుక్కుని ఒడ్డు చూడలేదని బాధపడే బదులు, రాత్రి బస తీసుకోవడమో, ఒడ్డును వదిలేసి గోడల మీద పని చేయడమో మేలు. కొన్ని తీరాల్లో ఆటుపోట్ల తేడా మీటరు కూడా ఉండదు. అక్కడ ఈ లెక్కతో పెద్దగా పని లేదు, అలల తీరూ రుతువూ చూసుకుంటే సరిపోతుంది.

ఇక నీరు ఎంత త్వరగా తిరిగి వస్తుంది? ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీటిమట్టం సమానంగా పెరగదు. మొత్తం తేడాను పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడులో మూడు, నాలుగులో మూడు, ఐదులో రెండు, ఆరులో ఒకటి. ఇది ఉజ్జాయింపే అయినా పనికొచ్చేది. తేడా 4.8 మీటర్లు ఉన్న చోట మొదటి గంటలో నీరు 40 సెంటీమీటర్లే లేస్తుంది. మూడో గంటలో 1.2 మీటర్లు. ఒడ్డు వాలు ఇరవైకి ఒకటి (ఇరవై మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు) అయితే మొదటి గంటలో అల 8 మీటర్లు లోపలికి వస్తుంది, మూడో గంటలో 24 మీటర్లు. మొదటి గంట చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లే రాళ్ల మధ్య చిక్కుకునేది. అందుకే ఆటుకు గంటన్నర ముందు దిగడం, ఆటు దాటిన అరగంటకల్లా అందరూ పైకి వచ్చేయడం. ఆటు 11:40కి అయితే 10:10కి దిగాలి, 12:10కి చివరి పిల్ల కూడా మెట్లెక్కి ఉండాలి. ఆటుపోట్ల పట్టిక దగ్గర్లోని పెద్ద రేవుకు వేసింది అయ్యుండవచ్చు, మీ కోట దగ్గర వేళ అరగంట అటూ ఇటూ ఉండవచ్చు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశమైతే, పట్టికలోని వేళలు ఆ సవరణతో ఉన్నాయో లేదో కూడా అడగండి.

నిర్వాహకుల్ని పోల్చేటప్పుడు వాళ్ల టైమ్‌టేబుల్ అడిగి తీసుకోండి. 60 మందిని 15 మంది చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక్కోచోట 35 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల చొప్పున తిప్పుతామని రాసి ఉంటే కాగితం మీద చక్కగా 170 నిమిషాలు వస్తుంది. కానీ సముద్రం జట్ల ప్రకారం వంతులు తీసుకోదు. ఒడ్డు చివరి వంతుగా వచ్చిన జట్టుకు మోకాలి లోతు నీళ్లే కనిపిస్తాయి. తెలిసినవాళ్లు ఆటు వేళ అందర్నీ ఒకేసారి ఒడ్డున దింపి, గోడల పని ముందో వెనకో పెడతారు. ఒకేసారి దింపడానికి 30 మంది హాయిగా సరిపోతారు. 60 మంది ఉంటే రెండు రోజులు వరసగా తీసుకోండి, రెండో రోజు మాత్రం అన్నీ 50 నిమిషాలు ఆలస్యంగా మొదలవ్వాలి.

ఒడ్డున చేయించే పని ఎలా ఉండాలంటే: ఐదుగురికి ఒక జట్టు, జట్టుకు 30 మీటర్ల టేపు ఒకటి, అర మీటరు చదరపు చట్రం ఒకటి. చట్రానికి 50 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు నాలుగు, ఎల్బోలు నాలుగు చాలు. పైపుకు అక్కడక్కడా రంధ్రాలు వేస్తారు, లేకపోతే లోపలి గాలి వల్ల చట్రం నీటి గుంటల్లో తేలిపోతుంది. ప్రతి 10 సెంటీమీటర్లకు దారం కడితే 25 గడులవుతాయి, గడికి 4 శాతం. నాచు ఎన్ని గడుల్ని కప్పిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరి. బార్నకిల్స్ (రాళ్లకు అతుక్కుని బతికే చిన్న పెంకు ప్రాణులు) లాంటివి వందల్లో ఉంటాయి కాబట్టి ముందే చీటీ తీసిన ఐదు గడుల్లో లెక్కపెట్టి ఐదుతో గుణించాలి. టేపును నీటి అంచు నుంచి పైకి పరిచి మూడేసి మీటర్లకు ఒకసారి చట్రం పెడితే పదకొండు చోట్లు. చోటుకు ఏడు నిమిషాల చొప్పున 77 నిమిషాలు, అంటే గంటన్నరలో సర్దుకుంటుంది. నీరు ఇంకా తగ్గుతూ ఉంటే టేపు కింది కొసను దాంతోపాటు జరపకూడదు, మొదలుపెట్టిన గుర్తు దగ్గరే ఉంచాలి.

పిల్లలు తప్పు చేసేది దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే. చట్రాన్ని టేపు చెప్పిన చోట కాకుండా పీత కనపడ్డ చోట పెడతారు. అప్పుడు కాగితం నిండా పీతలే ఉంటాయి, ఒడ్డు మాత్రం అలా ఉండదు. ఇది తిట్టాల్సిన విషయం కాదు. రెండు జట్ల లెక్కలు పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందని అడిగితే ఆ రోజుకు అంతకు మించిన పాఠం లేదు. తిప్పి చూసిన రాయిని మాత్రం ఉన్న వైపే ఉండేలా తిరిగి పెట్టించాలి. కింద నీడలో తడిగా బతికేవి ఎండలో ఆరిపోయి చచ్చిపోతాయి, పైన ఉన్న నాచు కింద నలిగి కుళ్లుతుంది. ఈ నియమం చెప్పని నిర్వాహకుడి దగ్గరికి పంపకండి.

గోడల దగ్గర సముద్రం వైపు ముఖాన్నీ లోపలి ముఖాన్నీ పోల్చమనండి. అలల తుంపర రాతి రంధ్రాల్లోకి ఇంకి, ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు కడుతుంది. అవి పెరుగుతూ రాతి పొరను లోపల్నుంచి తోస్తాయి. అందుకే తీరపు గోడ మీద రాయి పెచ్చులుగా, పిండిలా రాలుతుంది. ఎక్కడో ఒకచోట సిమెంటుతో మరమ్మతు చేసిన జాగా కనిపిస్తుంది, అక్కడ పిల్లల్ని ఆపండి. సిమెంటు గీతలు గట్టిగా, పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, మధ్యలోని రాళ్లు గిన్నెల్లా లోపలికి అరిగిపోయి ఉంటాయి. పాత సున్నపు గచ్చు తేమను బయటికి వదులుతూ తానే కొద్దికొద్దిగా అరిగిపోయేది, రాయి నిలిచేది. గట్టి సిమెంటు తేమను ఆపేస్తే ఆ తేమా ఉప్పూ మెత్తటి రాయి గుండా బయటపడతాయి. రాయి ఎంత లోతుకు అరిగిందో గోడను ముట్టుకోకుండా పక్కనుంచి స్కేలు పట్టి చూడవచ్చు. ఇనుప కడ్డీ దిగిన చోట రాయి పగిలి ఉంటే అది తుప్పు పని, తుప్పు పట్టిన ఇనుము ముందుకన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

ఒడ్డు వెనక్కి జరిగే తీరమైతే పాత పటాలతో పోల్చే పని కూడా బాగుంటుంది. అమెరికాలోని కేప్ హాటరాస్ లైట్‌హౌస్‌ను 1870లో కట్టినప్పుడు సముద్రం దూరంగా ఉండేది. 1999 నాటికి అల దగ్గరికి వచ్చేయడంతో మొత్తం కట్టడాన్నే దాదాపు 880 మీటర్లు లోపలికి జరిపారు. 'మన కోటనైతే జరపగలమా?' అని అడిగి చూడండి, పిల్లలే లెక్కలు మొదలుపెడతారు.

సరంజామా విషయంలో పొదుపు చేయకూడనివి కొన్ని. క్లిప్‌బోర్డుకు కింద ఒకటి, పైన ఒకటి రెండు రబ్బరు బ్యాండ్లు. పెన్ను వద్దు, సిరా చెదురుతుంది. పెన్సిల్, అదీ దారంతో కట్టి. కాళ్లకు పాత బూట్లు, లేసు కట్టేవి. నాచు పట్టిన రాయి మీద చెప్పులు నిలవవు. ఎండ రోజున మనిషికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు. పెద్దవాళ్లు ఒడ్డున చిన్న పిల్లలైతే ఆరుగురికి ఒకరు, పెద్ద పిల్లలైతే ఎనిమిది పదిమందికి ఒకరు. వీళ్లు కాక ఏ లెక్కలోనూ తలదూర్చని మనిషి ఇంకొకరు ఉండాలి, వీపు ఒడ్డుకు, ముఖం సముద్రానికి. ఆ ఒక్కరిని కూడా తేలేమంటే ఈ కార్యక్రమం తీసుకోకండి, నడక తీసుకోండి.

రాత్రి బస

కాలిఫోర్నియా తీరంలో ఫోర్ట్ రాస్ అనే కోట ఉంది. 1812లో రష్యన్ అమెరికన్ కంపెనీ అనే రష్యా వర్తక సంస్థ స్థాపించి, 1841లో అమ్మేసి వెళ్లిపోయింది. అక్కడ బడి పిల్లలు ఆ కాలపు మనుషుల పాత్రలు తీసుకుని, వాళ్ల పనులు చేస్తూ ఒక రాత్రి గడిపే కార్యక్రమం ఉంది. ఇలాంటివి ఇతర తీరాల్లోనూ కోటల్లోనూ పాత ఓడల్లోనూ నడుస్తాయి. బాగా జరిగినప్పుడు దీనికి సాటి వచ్చేది లేదు. బాగా జరగడానికి మాత్రం ఆ రాత్రి ఒక్కటే సరిపోదు, ముందు ఆరు నుంచి ఎనిమిది వారాల తరగతి పని కావాలి. ఎవరు ఎవరో, ఏ పని చేతికొచ్చిందో, తాడు ముడి వేయడం, కత్తి పట్టుకోవడం, పొయ్యి రాజేయడం, అన్నీ బడిలోనే ఒకటికి రెండుసార్లు చేసి ఉండాలి. టీచర్లకు ముందుగా శిక్షణ తప్పనిసరి అనే నిర్వాహకుణ్ని నమ్మవచ్చు. 'మీరు వచ్చేయండి, అన్నీ మేమే చూసుకుంటాం' అనేవాడి దగ్గర పిల్లలు వేషం వేసుకున్న ప్రేక్షకులుగానే మిగులుతారు.

తేడా కొట్టేది వంట దగ్గర. తీరపు తేమకు కట్టెలు త్వరగా అంటుకోవు, గాలికి మంట పక్కకు పోతుంది. ఇంట్లో అరగంటలో ఉడికేది ఇక్కడ గంటన్నర తీసుకుంటుంది. చీకటి పడ్డాక ఆకలితో ఉన్న ముప్పై మందికి చరిత్ర మీద ఆసక్తి ఉండదు. భోజనం వేళకు మూడు గంటల ముందే పొయ్యి వెలగాలి. మంట దగ్గర పనిచేసేవాళ్లకు వేలాడే చొక్కా చేతులూ సింథటిక్ బట్టలూ వద్దు, నూలు బట్టలు, జుట్టు బిగించి కట్టుకోవాలి. పక్క బట్టలు తెల్లారేసరికి చెమ్మగిల్లుతాయి కాబట్టి ఒక పొడి జత ప్లాస్టిక్ సంచిలో విడిగా ఉంచమనండి. బెంగ మొదలయ్యేది పడుకునే వేళ. అందుకే రాత్రి కాపలా వంతులు పెట్టే చోట్లు తెలివైనవి. జట్టుగా మేలుకుని గంట సేపు అలల చప్పుడు వింటూ నిలబడే పని చేతిలో ఉంటే ఇల్లు గుర్తుకు రావడం తగ్గుతుంది, మర్నాడు పిల్లలు ముందుగా చెప్పేది కూడా ఆ గంట గురించే. తిరిగొచ్చిన రోజున పరీక్ష పెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. తీరపు కోటలన్నిటి చరిత్రా వేషం వేసుకుని ఆడుకునేది కాదు. ఘానాలోని ఎల్మినా కోటను పోర్చుగీసువాళ్లు 1482లో కట్టారు, తర్వాత అది బానిసల వ్యాపారానికి స్థావరమైంది. అలాంటి చోట పిల్లల చేత బందీల పాత్ర వేయించడం తగదు, వర్తకుల పాత్ర అంతకన్నా తగదు. అక్కడికి నడకే సరైనది, అదీ మౌనంగా నిలబడే వ్యవధి ఉన్న నడక. మీ కోటలోనూ స్థానికుల చేత వెట్టిచాకిరీ చేయించి ఉంటే, వాళ్ల కథ ఎవరు చెబుతారని నిర్వాహకుణ్ని సూటిగా అడగండి.

సొంతంగా నడుపుకోవడం

ఆ తీరం టీచర్లలో ఒక్కరికైనా కొట్టిన పిండి అయితే తప్ప ఒడ్డు పనికి పూనుకోకండి. గోడల పని, దిగంతం లెక్క, బొమ్మలు గీయడం మాత్రం ఎవరైనా చేయించవచ్చు. ముందుగా చూడటానికి వెళ్లే రోజున ఆటు వేళ కూడా అసలు రోజుకు దగ్గరగా ఉండాలి, వేరే వేళ చూసిన ఒడ్డు వేరే ఒడ్డే. కట్టడం లోపల కొలతలు తీయడానికి అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఫోన్ చేసే ముందు

బడి వాళ్లు మామూలుగా ముందు కార్యక్రమం ఎంచుకుని, తర్వాత ఖాళీగా ఉన్న తేదీ అడుగుతారు. దీన్ని తిరగేయండి. ఆటుపోట్ల పట్టికలో, ఆటు ఉదయం పదిన్నరకూ మధ్యాహ్నం ఒంటిగంటకూ మధ్య పడే రోజులు నాలుగైదు గుర్తుపెట్టుకుని, వాటికే ఖాళీ అడగండి. అలాంటి రోజులు మీకు కుదరవంటే రోజంతటి పరిశీలన జాబితాలోంచి తీసేయండి. పెద్దవాళ్లు పదిహేను మందికి ఒకరి కన్నా ఎక్కువ రారంటే బస కూడా తీసేయండి. ఇంకా రెండు మిగిలాయంటే, వాన వస్తే ఏం చేస్తారని అడిగి చూడండి. 'రేపటికి మారుస్తాం' అనేది జవాబు కాదు, బస్సు ఆ రోజుకే వస్తుంది. పైకప్పు కింద చేయించే పని ఏమిటో, అక్కడ ఎంతమంది పడతారో చెప్పగలగాలి.

ఉరుములకు వాళ్ల నియమం ఏమిటో కూడా అడగండి. బురుజు, లైట్‌హౌస్, బయలు ఒడ్డు, మూడూ పిడుగుకు అనువైన చోట్లే. మెరుపు కనపడ్డాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే గట్టి కప్పు కిందికో బస్సులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. దీన్ని తడుముకోకుండా చెప్పిన నిర్వాహకుడు మిగతావి కూడా చూసుకుంటాడని మా నమ్మకం.

ఒడ్డున నింపిన కాగితాలన్నిటినీ బస్సెక్కే ముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. తడిసిన కాగితం సంచిలో ఒక రాత్రి ఉంటే పక్క కాగితానికి అతుక్కుపోతుంది, విడదీస్తే అంకెలున్న పొరే ఊడివస్తుంది.